యోగా నేర్పడం మొదలుపెట్టాలంటే నా సాధన ఎంత పండి ఉండాలి?

నమస్కారమండీ. మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందుగా చెబుతాను. మీరు కొండాపూర్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. నాలుగేళ్లుగా యోగాభ్యాసం చేస్తున్నారు. ఈమధ్యే 28 రోజుల యోగా టీచరు శిక్షణ పూర్తిచేసి 200 గంటల సర్టిఫికెట్ తీసుకున్నారు. మీ అపార్ట్‌మెంట్‌లో కొందరు తమకు నేర్పమని అడుగుతున్నారు. ధ్యానంలో పది నిమిషాలు కూర్చుంటే ఆఫీసు పనులే గుర్తొచ్చే మనిషి ఇంకొకరికి యోగా నేర్పవచ్చా, టీచర్లను తయారుచేసేవాళ్లు ఈ విషయాన్ని ఎలా చూస్తారు అన్నది మీ సందేహం.

నేర్పవచ్చు. సాధన పండేవరకు ఆగనవసరం లేదు. అయితే మీ ఒంటితో, మీ ఊపిరితో కనీసం ఏడాది పాటు చేసి చూసుకున్నదాన్నే నేర్పండి. మొదట్లో ఐదారుగురికి మించి తీసుకోకండి, మీకన్నా అనుభవం ఉన్నవారెవరైనా అప్పుడప్పుడూ వచ్చి వెనక కూర్చుని చూసేలా ఏర్పాటు చేసుకోండి. నేర్పడం మొదలయ్యాక మీ సొంత అభ్యాసం ఆగిపోయిందంటే మాత్రం, అది తిరిగి గాడిలో పడేవరకు నేర్పడం కూడా ఆపండి.

నేను పద్మారావునగర్‌లో మా ఇంటి మేడ మీద 26 ఏళ్లుగా యోగా నేర్పుతున్నాను. అందులో గత 14 ఏళ్లుగా, ఏడాదికి ఆరుగురిని మాత్రమే తీసుకుని టీచర్లుగా తయారుచేస్తున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచి వచ్చినదే. వేరే సంప్రదాయాల్లో నేర్చుకున్నవారు కొన్నిటితో ఏకీభవించకపోవచ్చు.

మొదట మీ సందేహం సంగతి. యోగసూత్రాల మొదటి పాదంలో పతంజలి తొమ్మిది అంతరాయాలు చెబుతాడు: వ్యాధి, స్త్యానం (మనసు మొద్దుబారడం), సంశయం, ప్రమాదం (ఏమరుపాటు), ఆలస్యం (సోమరితనం), అవిరతి (భోగాల మీద మోజు వదలకపోవడం), భ్రాంతిదర్శనం (ఒకటి ఇంకొకటిగా కనబడడం), అలబ్ధభూమికత్వం (పై మెట్టు అందకపోవడం), అనవస్థితత్వం (అందినా అక్కడ నిలవలేకపోవడం). వీటిని ఆయన చెప్పింది దారిలో నడుస్తున్నవాడికి ఎదురయ్యేవిగా. చాప మీద కూర్చోనివాడికి అంతరాయం అన్న మాటే పుట్టదు. కాబట్టి ధ్యానంలో ఆఫీసు గుర్తురావడం మీ అనర్హతకు గుర్తు కాదు, మీరు కూర్చుంటున్నారనడానికి గుర్తు. సాధన ఎప్పుడు గట్టిపడుతుందో కూడా ఆ పాదంలోనే ఉంది: 'స తు దీర్ఘకాల నైరంతర్య సత్కారాసేవితో దృఢభూమిః'. చాలాకాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేయమన్నాడు కానీ ఫలానా అనుభవం కలిగాకే ఇంకొకరికి చెప్పమని ఆయన ఎక్కడా గీత గీయలేదు.

మరైతే ఆధ్యాత్మికతకూ టీచరుగిరికీ సంబంధం లేదా అంటే, ఉంది. నా దృష్టిలో చాలా గట్టి సంబంధమే ఉంది. టీచరు సాధన ఎంతవరకు వచ్చిందన్నది ఎదుటి మనిషిని చూసే చూపులో తెలుస్తుంది. ఎదురుగా నిలబడినవారి నుంచి మనకేమీ అక్కర్లేకుండా, వాళ్లు మెచ్చుకోవాలనీ బాగా వంగాలనీ రేపు మళ్లీ రావాలనీ లోపల లెక్కలు వేసుకోకుండా, వాళ్లను ఉన్నది ఉన్నట్టు చూడగలగడమే నేను ఇన్నేళ్లలో గుర్తించిన అర్హత. అలాంటి చూపు పుస్తకం చదివితే రాదు. సొంత చాప మీద సొంత మనసును చూసుకుని చూసుకుని వస్తుంది.

ఈ సంగతి నాకు మా మాస్టారి దగ్గర తెలిసింది. ఆయన నారాయణగూడలో ఉండేవారు. తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైన మనిషి. నాలుగేళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నా నన్ను ఎవరికీ నేర్పనివ్వలేదు. అడిగినప్పుడల్లా "నీకు కనబడ్డం మొదలైతే నేనే చెబుతానమ్మా" అనేవారు. ఒకరోజు ఒకావిడను తాడాసనంలో నిలబెట్టి, ఏం కనబడుతోందో చెప్పమన్నారు. కుడి భుజం ఎత్తుగా ఉందనీ, మోకాళ్లు వెనక్కి తోసుకుపోయాయనీ, బరువంతా మడమల మీదే ఉందనీ గడగడా చెప్పాను. అన్నీ విని, "ఆవిడ ఊపిరి బిగబట్టుకుని ఉంది, నువ్వు తప్పులు పట్టుకుంటున్నావని భయంతో నిలబడింది, అది కనబడలేదా?" అని అడిగారు. తిరిగి చూస్తే నిజమే. గొంతు గుంటలో చర్మం కదలడం లేదు, బొటనవేళ్లు నేలను గీరుతున్నాయి. ఆ తర్వాత మరో ఏడాదికి గానీ ఆయన నాకు బ్యాచ్ అప్పగించలేదు.

అంత జాగ్రత్తగా తయారుచేసినా నేను తప్పు చేశాను. సొంతంగా నేర్పడం మొదలుపెట్టిన మూడో ఏట, 45 ఏళ్ల ఒకాయన పశ్చిమోత్తానాసనంలో, అంటే కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగి ఉండగా వీపు మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఇంటికి వెళ్లి చూస్తే మంచం మీద ఒక పక్కకు తిరిగి పడుకుని ఉన్నారు. డాక్టరు ఆరు వారాలు విశ్రాంతి చెప్పారట, నడుము డిస్క్‌లో సమస్య అంతకుముందు నుంచే ఉందట. చేరిన రోజే ఆయన "నడుము కొంచెం పట్టేస్తుందండి" అన్నారు. నేను విన్నాను, కానీ మనసుకు ఎక్కించుకోలేదు. డిస్క్ సమస్య ఉన్నవారిని ముందుకు వంచి నొక్కకూడదన్నది నాకు తెలియని విషయమూ కాదు. ఆయన నుదురు మోకాలికి తగిలితే బ్యాచ్‌లో మిగతావారు చూసి నా బోధన గొప్పదనుకుంటారన్న కోరిక ఆ క్షణంలో నా చేతిని నడిపింది. అహింస, సత్యం, అస్తేయం (దొంగిలించకపోవడం) అని యమాలను, అంటే యోగి పాటించాల్సిన నిగ్రహాలను, ఎన్నోసార్లు వల్లించినదాన్ని, అవి నా అరచేతి బరువులో ఉండాలని ఆ మంచం పక్కన నిలబడినప్పుడు గ్రహించాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కోలుకున్నాక తిరిగి వచ్చారు కూడా. అయినా ఇన్నేళ్లుగా ప్రతి కొత్త బ్యాచ్‌కూ మొదటి రోజే ఈ సంగతి చెబుతూ వస్తున్నాను.

ఇప్పుడు శిక్షణ విషయానికి వస్తాను. 200 గంటలు అన్న కొలతను ప్రపంచమంతా వాడుకలోకి తెచ్చింది 1999లో మొదలైన యోగా అలయన్స్ అనే అమెరికా సంస్థ. మన దేశంలో 2018లో ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద ఏర్పడిన యోగా సర్టిఫికేషన్ బోర్డు కూడా తన మెట్లను 200, 400, 800 గంటలంటూ పెంచుకుంటూ పోయింది. గంటల లెక్క తప్పని నేననను, ఏదో ఒక కొలబద్ద ఉండాలి. కానీ 28 రోజుల్లో 200 గంటలు పూర్తిచేయాలంటే రోజుకు ఏడు గంటల పైమాటే. అదే రోజుకు గంట చొప్పున చేస్తే దాదాపు ఏడు నెలలు పడుతుంది. ఆ ఏడు నెలల్లో మనిషికి ఒకసారి జ్వరం వస్తుంది, ఇంట్లో పెళ్లి వస్తుంది, ఎండాకాలంలో మేడ మీద చెమటకు చాప జారుతుంది, ఆఫీసులో గొడవై నిద్ర పట్టని రాత్రి గడిచిన మర్నాడు కూడా అదే చాప మీద కూర్చోవాల్సి వస్తుంది. గంటలు రెండిట్లోనూ అవే. కానీ రేపు మీ దగ్గరకు వచ్చేవారు సరిగ్గా అలాంటి రోజుల్లోంచే వస్తారు కాబట్టి, ఆ రోజులు మీరు కూడా గడిపి ఉండడం ముఖ్యం. మీ సర్టిఫికెట్ చెల్లదని కాదు. దాన్ని విత్తనం అనుకుని ఇంకో ఏడాది పోయండి నీళ్లు.

నా దగ్గర మొదటి మూడు నెలలు ఎవరూ నోరు విప్పి నేర్పరు. తెల్లవారి 5.30 బ్యాచ్‌లో ఒక మూల కూర్చుని, ఎవరో ఒకరినే గంటసేపు చూడాలి. ఇంటికి వెళ్లాక మూడంటే మూడే వాక్యాలు రాయాలి, ఏం చూశారో రాయాలి తప్ప ఏమనుకున్నారో రాయకూడదు. "ఆవిడకు శ్రద్ధ లేదు" అని రాస్తే కొట్టేస్తాను. "చేతులు పైకెత్తినప్పుడల్లా కళ్లు గడియారం వైపు వెళ్లాయి" అని రాస్తే ఉంచుతాను. ఆ రెండో వాక్యం రాసినవారు మర్నాడు వెళ్లి అడిగితే, ఆవిడ 6.15కే ఇంటికి చేరి పిల్లాడికి టిఫిన్ బాక్సు కట్టాలని తెలిసింది. బ్యాచ్ మార్చాం, కళ్లు గడియారాన్ని వదిలాయి.

ఒకసారి ఇద్దరు ఒకే ఏడాది చేరారు. ఒకమ్మాయి చిన్నప్పటి నుంచి నాట్యం నేర్చుకుంది. హనుమానాసనం, వృశ్చికాసనం చూసి తీరాల్సినంత అందంగా వేసేది. ఇంకొకరు బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన. ముందుకు వంగితే వేళ్లు మోకాళ్ల కింద ఒక జానెడు వరకే వెళ్లేవి. ఏడాది చివరికి మోకాళ్ల నొప్పులవాళ్లంతా ఆయన చుట్టూ చేరారు. తన ఒంట్లో ఏది ఎందుకు వంగడం లేదో ఆయన రోజూ ఓపికగా గమనించుకున్నారు కాబట్టి, ఎదుటివారి ఒంట్లో అదే జరిగితే వెంటనే పట్టుకునేవారు. ఆ అమ్మాయికి అన్నీ సులభంగా రావడం వల్ల, రానివారికి ఎందుకు రావడం లేదో మొదట్లో అర్థమయ్యేది కాదు. ఎనిమిది నెలల పాటు ఆమెకు ప్రదర్శన ఆపించి, మాటతోనే నేర్పమన్నాను. చాలా బాధపడింది, ఒకసారి మానేస్తానని కూడా అంది. ఇప్పుడు సైనిక్‌పురిలో గర్భిణులకు నేర్పుతోంది, ఆమె చూపు ఇప్పుడు నాకన్నా నిశితంగా ఉంటుంది.

శరీర నిర్మాణం గురించి ఎంత నేర్చుకున్నా తక్కువే, ముఖ్యంగా కీళ్లు అందరికీ ఒకేలా ఉండవన్నది మొదట వంటబట్టాలి. పద్మాసనంలో తొడ బయటికి తిరగాల్సింది తుంటి కీలు దగ్గర. అక్కడ ఎముక అమరికే అంత తిరగనివ్వని మనిషిని బలవంతంగా కూర్చోబెడితే ఆ మెలి మోకాలి మీద పడి లోపలి మెత్తటి గుజ్జు దెబ్బతింటుంది. బీపీ ఎక్కువగా ఉన్నవారికీ, కంట్లో గ్లకోమా ఉన్నవారికీ శీర్షాసనం, సర్వాంగాసనం వద్దు. గర్భిణులకూ, బీపీ, హెర్నియా ఉన్నవారికీ కపాలభాతి వద్దు. ఎముకలు గుల్లబారిన పెద్దవారిని వెన్ను గుండ్రంగా వచ్చేలా ముందుకు వంచకూడదు. ప్రాణాయామంలో అయితే హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం ఒక హెచ్చరిక చేసింది: సింహాన్నీ ఏనుగునూ పులినీ మెల్లమెల్లగా మచ్చిక చేసుకున్నట్టే ఊపిరినీ మచ్చిక చేసుకోవాలి, లేకపోతే అది సాధకుణ్ణే చంపుతుందని. నేను కొత్త టీచర్లకు మొదటి రెండేళ్లు కుంభకం (ఊపిరి బిగబట్టి ఉంచడం) నేర్పే అనుమతి ఇవ్వను.

ఆ గ్రంథంలోనే యోగాన్ని చెరిచేవి ఆరు చెప్పారు: అతిగా తినడం, అతిగా శ్రమపడడం, అతిగా మాట్లాడడం, నియమాలను పట్టుకు వేలాడడం, జనంతో మితిమీరిన సాంగత్యం, చాపల్యం. కొత్త టీచర్లు ఎక్కువగా పడేది మూడోదాంట్లో. మౌనంగా ఉంటే తమకేమీ తెలియదనుకుంటారని భయపడి, శవాసనంలో కూడా మాట్లాడుతూనే ఉంటారు. అందుకే నాలుగో నెలలో ఒక పరీక్ష పెడతాను. తోటివారితో ఆరు ఆవృత్తుల సూర్యనమస్కారాలు చేయించాలి, చివరి రెండిట్లో ఊపిరి పీల్చండి, వదలండి అన్న రెండు మాటలకు మించి వాడకూడదు. ఎదురుగా నిలబడి నేర్పేటప్పుడు కుడి అని చెప్పి మనం ఎడమ కదిలించాలి కదా, ఆ అలవాటు కూడా ఈ దశలోనే చేతికి వస్తుంది.

నియమాలను పట్టుకు వేలాడడం గురించి ఒక ఉదాహరణ చెప్పాలి. ఈ తరం యోగాకు మూలపురుషుల్లో ఒకరైన తిరుమల కృష్ణమాచార్య (1888–1989), 1930లలో మైసూరు ప్యాలెస్ యోగశాలలో కుర్రవాళ్లకు చెప్పినప్పుడు వేగంగా, వరుసగా సాగే ఆసనాలు చేయించారు. ఆ తర్వాత మద్రాసులో స్థిరపడ్డాక, వచ్చినవారి వయసునూ జబ్బునూ ఊపిరినీ బట్టి ఒక్కొక్కరికీ విడివిడిగా అభ్యాసం ఇచ్చారు. గురువు ఒక్కరే, ఎదురుగా కూర్చున్నవారు మారారు. మీ శిక్షణలో ఇచ్చిన ఆసనాల వరుసను మీ పక్కింటి 60 ఏళ్ల పెద్దమ్మకు ఉన్నదున్నట్టు చేయించాలని చూడకండి.

ఇక మీ సొంత సాధన. బ్యాచ్‌లో చేసి చూపించేది మీ అభ్యాసం లెక్కలోకి రాదు. ఇందులో మాత్రం నేను పట్టువిడుపులు చూపించను. బ్యాచ్‌లో మీ దృష్టి ఎదుటివారి మీద ఉంటుంది, ఉండాలి కూడా. ఎవరూ చూడని సమయంలో, ఎవరికీ చూపించాల్సిన అవసరం లేని చోట అరగంటైనా మీ కోసం మీరు చాప పరుచుకోవాలి. ఆ అరగంటను ఫోనులో రికార్డు చేయకండి. చాలామంది మంచి టీచర్లు నాలుగైదేళ్లకే ఎండిపోవడం చూశాను. పొద్దున మాదాపూర్‌లో ఒక బ్యాచ్, పదింటికి ఆన్‌లైన్‌లో ఒకటి, సాయంత్రం కూకట్‌పల్లిలో ఇంకొకటి, మధ్యలో ట్రాఫిక్. వాళ్లు యోగా మానేయలేదు, కానీ వాళ్ల యోగా వాళ్లకు మిగల్లేదు.

సాధనలో ఎండిన కాలాలూ వస్తాయి. మా నాన్నగారు పోయిన తర్వాత దాదాపు ఐదు నెలలు నేను ప్రాణాయామం చేయలేకపోయాను, ఊపిరి వదిలినప్పుడల్లా ఆస్పత్రిలో ఆయన చివరి ఊపిరి గుర్తొచ్చేది. బ్యాచ్‌లను వేరేవారికి అప్పగించి మాస్టారి దగ్గరకు వెళ్లాను. ఆయన ఏ ఉపదేశమూ చేయలేదు. రోజూ సాయంత్రం వచ్చి తన గదిలో దుప్పట్లు మడతపెట్టమన్నారు. అంచుకు అంచు కలిపి, నాలుగు మడతలు వేసి, మడత వైపు గోడకు ఉండేలా పేర్చాలి. 20 దుప్పట్లు. మొదటి వారం ఏడుస్తూనే మడతపెట్టాను. ఒకరోజు పన్నెండో దుప్పటి దగ్గర, ఊపిరి దానంతటదే సాగుతోందని గమనించాను. నన్నడిగితే ఆసనం గురించి పతంజలి చెప్పిన 'ప్రయత్నశైథిల్యం', అంటే ప్రయత్నాన్ని సడలించడం, అన్న మాట నాకు అర్థమైంది ఆ గదిలోనే. ఇది మీకెందుకు చెబుతున్నానంటే, టీచరుకు కూడా వెళ్లి కూర్చోవడానికి ఒక చోటు, ఒక పెద్ద దిక్కు ఉండాలి. మీకు అలాంటివారు లేకపోతే ముందు వారిని వెతుక్కోండి.

ఆధ్యాత్మికతను బ్యాచ్‌లోకి ఎంతవరకు తేవాలన్నది చాలామంది అడిగే మాట. మన ఊళ్లో అన్ని మతాలవాళ్లూ ఒకే మేడ మీదికి వస్తారు. మలక్‌పేట నుంచి వచ్చే ఒక ముస్లిం సోదరి, ఓంకారం చేయడానికి మనసొప్పడం లేదని మొహమాటపడుతూ చెప్పింది. ఆ సమయంలో భ్రామరి చేయమన్నాను, తుమ్మెద నాదంతో ఊపిరి నిదానంగా బయటికి వెళుతుంది, పక్కవారి ఓంకారంలో అది చక్కగా కలిసిపోయింది కూడా. ఆవిడ ఏడేళ్లు నా దగ్గర నేర్చుకుంది. మీకు మంత్రం మీద నమ్మకం ఉంటే మీరు చేయండి, ఇష్టమైనవారు కలుస్తారు. ఎవరి చేతా బలవంతంగా పలికించకండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కొన్నాళ్లకు మీ కాళ్లకు దండం పెట్టేవారు, అల్లుడి ఉద్యోగం సంగతీ కూతురి సంబంధం సంగతీ మీ సలహా అడిగేవారు తయారవుతారు. శవాసనంలో కొందరికి ఉన్నట్టుండి కన్నీళ్లు వస్తాయి. అప్పుడు కారణం అడగకండి, కదిలించకండి. దుప్పటి కప్పి కాస్త దూరంగా కూర్చోండి చాలు. మనసుకు సంబంధించిన జబ్బేదో ఉందనిపిస్తే డాక్టరు దగ్గరకు వెళ్లమని సూటిగా చెప్పండి, యోగాతో తగ్గిపోతుందని మాత్రం హామీ ఇవ్వకండి. మీ దగ్గర కొన్నాళ్లు నేర్చుకుని ఇంకొకరి దగ్గరకు వెళ్లిపోయేవారిని సంతోషంగా పంపండి. అపరిగ్రహం, అంటే నాదని పోగుచేసుకోకపోవడం, అన్న మాట డబ్బుకన్నా ముందు మనుషుల విషయంలోనే పనికొస్తుంది. ఫీజు తీసుకోవడంలో తప్పేమీ లేదు, కట్టలేనివారి దగ్గర తీసుకోకపోతే సరి.

మీ అపార్ట్‌మెంట్‌లో మొదలుపెట్టేటప్పుడు వారానికి మూడు రోజులు, 50 నిమిషాల చొప్పున పెట్టుకోండి. ఆరు వారాల పాటు తాడాసనం, వృక్షాసనం, మార్జాలాసనం, భుజంగాసనం, సేతుబంధాసనం లాంటి పది పన్నెండు ఆసనాలు దాటకండి, చివర్లో పది నిమిషాల శవాసనం మాత్రం ఎప్పుడూ తగ్గించకండి. ఒంటి మీద చెయ్యి వేసి సరిచేయడం మొదటి ఏడాది వద్దు, మాటతోనే చెప్పండి. మొదటి క్లాసుకు ముందే ఒక్కొక్కరితో పది నిమిషాలు విడిగా కూర్చుని వయసు, ఆపరేషన్లు, వేసుకునే మాత్రలు, నిద్ర గురించి అడిగి నోటుబుక్కులో రాసుకోండి. వారిలో ఎవరైనా "నడుము కొంచెం పట్టేస్తుందండి" అని తేలికగా అంటే, అక్కడే ఆగి, ఎప్పటి నుంచి, ఏ పక్క, నొప్పి కాల్లోకి లాగుతుందా, తిమ్మిరి ఉందా అని అడగండి. కాల్లోకి లాగుతోందంటే డాక్టరుకు చూపించుకుని వచ్చాకే మొదలుపెడదామని చెప్పండి.